శబ్దం ఎప్పుడు వస్తోందో రాసుకోండి

నా కారు రెండో గేరు పొద్దున్నే మొరాయిస్తుంది. విజయనగరంలో బండి తీసి గజపతినగరం వైపు బయల్దేరాక, మొదటి కొద్ది నిమిషాలు ఒకటి నుంచి రెండుకు మార్చిన ప్రతిసారీ లివర్ ఏదో అడ్డు తగిలినట్టు ఆగుతుంది. తొందరపెడితే కర్రుమంటుంది. బొండపల్లి చేరేసరికి ఆ గొడవే ఉండదు, ఒక్క వేలితో తోసినా గేరు పడుతుంది. డిసెంబరు, జనవరిల్లో ఇది ఎక్కువ. మే నెలలో అసలు కనిపించదు.

ఇంత వివరం ఎందుకంటే, ఇదే సమస్యను "రెండో గేరు సరిగ్గా పడడం లేదు" అని ఒక్క ముక్కలో చెబితే చాలా షెడ్లలో గేర్‌బాక్స్ దింపాలంటారు. "బండి చల్లగా ఉన్నప్పుడే, రెండో గేరుకే, ఒకటి నుంచి పైకి మార్చేటప్పుడే" అని చెబితే ముందు ఆయిల్ సంగతి చూద్దామంటారు. రెండింటికీ ఖర్చులో ఎంతో తేడా. అందుకే డాష్‌బోర్డు అరలో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం కంటే ముందు, అది ఎప్పుడు వస్తోందో రాస్తాను. ఇంజిను చల్లగా ఉందా, వేడిగా ఉందా? క్లచ్ మీద కాలుందా, లేదా? ఏ గేరు? ఎక్కుతున్నామా, దిగుతున్నామా?

కారు గురించి చెప్పాలి. సెకండ్‌హ్యాండ్‌ది. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, అయిదు గేర్ల మాన్యువల్. వెనక సీటు, నాలుగు తలుపులు ఉన్నాయి కాబట్టి దీన్ని స్పోర్ట్స్ కారు అనకూడదనేవాళ్లు ఉన్నారు. సాలూరు దాటాక ఘాట్‌లో, మలుపు నుంచి బయటికొస్తూ రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అది ఎలా లాగుతుందో చూస్తే వాళ్లూ ఒప్పుకుంటారని నా నమ్మకం. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవన్నీ వయసు మీదపడ్డ ఏ మాన్యువల్ బండికైనా వచ్చేవే. ఈ మోడల్ ఇప్పుడు అమ్మకంలో లేదు, మా ఊళ్లో దీనికి షోరూమ్ కూడా లేదు. రింగు రోడ్డు వైపు షెడ్డు నడిపే ఒక పెద్దాయన, నేను కలిసి దీన్ని చూసుకుంటున్నాం. ఆయన్ని బాబాయ్ అంటాను. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతానని ఆయన మొదట్లో మేడమ్ అనేవారు, ఇప్పుడు అమ్మా అంటున్నారు.

"ఏటమ్మా, మళ్లీ ఏటి సౌండు?" అన్నారు ఆ రోజు.

"రెండో గేరు బాబాయ్. చల్లగా ఉన్నప్పుడే. వేడెక్కితే ఏమీ ఉండదు."

"అయితే గేర్‌బాక్స్ జోలికి ఎళ్లొద్దు. ముందు ఆయిల్ దింపి సూద్దాం."

లోపల జరిగేది ఇదీ. గేరు పడేముందు, వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తేవాలి. ఆ పని చేసేది సింక్రో రింగు. చాలా బండ్లలో అది ఇత్తడి లాంటి మిశ్రమ లోహంతో చేసిన చిన్న రింగు. అది ఎదుటి కోన్ మీద రాపిడి పెట్టి వేగాలను కలుపుతుంది. రాపిడి పుట్టాలంటే మధ్యలో ఉన్న నూనె పొర పక్కకు జరగాలి. చలికి నూనె చిక్కబడితే ఆ పొర త్వరగా జరగదు, రింగు పట్టు దొరక్క జారుతుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వేగాల తేడా పెద్దది కాబట్టి ఆ గేరుకే బాధ ఎక్కువ.

నూనె రకం కూడా ముఖ్యమే. గేర్ ఆయిల్ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. జీఎల్-5, ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ లాంటి చోట్ల పడే విపరీతమైన ఒత్తిడి కోసం చేసినది. అందులో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాలు ఎక్కువ. వాటిలో కొన్ని ఇత్తడిని నెమ్మదిగా తినేస్తాయి, పైగా సింక్రోకు కావలసిన రాపిడిని తగ్గిస్తాయి. నంబరు పెద్దదైతే సరుకు మంచిదనుకుని చాలామంది అదే పోయించుకుంటారు. మా బండి మాన్యువల్ పుస్తకంలో జీఎల్-4, 75డబ్ల్యూ-80 (ఇది చిక్కదనం గుర్తు) అని స్పష్టంగా ఉంది. పాత నూనె దింపి ట్రేలో చూశాం. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద కొంచెం అంటుకుని ఉంది. అది మామూలే. ఇనుప ముక్కలు కనిపించి ఉంటే గేరు పళ్లో బేరింగులో దెబ్బతిన్నట్టు, నూనెలో బంగారు రంగు మెరుపు ఉంటే సింక్రోలు అరిగినట్టు. అవేవీ లేవు. కొత్త ఆయిల్ పోశాక పొద్దుటి మొండితనం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన దానికి మందు, మొదటి రెండు కిలోమీటర్లు గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి వేయడం.

రివర్స్ గేరు కర్రుమంటే మాత్రం కథ వేరు. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు. క్లచ్ తొక్కిన వెంటనే వేస్తే లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి పళ్లు గీసుకుంటాయి. పరీక్ష తేలిక. క్లచ్ పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయండి. నిశ్శబ్దంగా పడిందా, అంతా బాగానే ఉంది. ఆగినా కర్రుమంటోందంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అప్పుడు గేర్‌బాక్స్‌ను వదిలేసి క్లచ్ వైపు వెతకాలి.

మా బండికి రెండోదే జరిగింది, అదీ వానాకాలంలో. క్లచ్ హైడ్రాలిక్‌ది, అంటే ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది. చాలా కార్లలో లాగే బ్రేకుకూ దీనికీ ఫ్లూయిడ్ ఒకే డబ్బా నుంచి వస్తుంది. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మేం వాడే డాట్-4 రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరిన దానికి ఆ పరిమితి 155 డిగ్రీలే. మనది సముద్రం పక్క జిల్లా, సంవత్సరంలో సగం రోజులు బట్టలే ఆరవు. అందుకే రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చాలన్న మాటను ఇక్కడ అసలు వాయిదా వేయకూడదని నా అభిప్రాయం. డబ్బాలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగింది. మార్చి, లైనులో గాలి తీసేశాక పెడల్ పట్టుకునే చోటు పైకి వచ్చింది, రివర్స్ మామూలైంది. క్లచ్ కోసం ఫ్లూయిడ్ మార్చితే ఘాట్ దిగేటప్పుడు బ్రేకుకూ మంచిదైంది.

గేర్ లివర్ ఊగడం ఇంకొకటి. యాక్సిలరేటర్ తొక్కితే లివర్ ఒక అంగుళం వెనక్కి, వదిలితే ముందుకి. ఇది గేర్‌బాక్స్ జబ్బులా కనిపిస్తుంది కానీ తొంభై పాళ్లు ఇంజినును పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చిరగడమే. మా తమ్ముణ్ని డ్రైవింగ్ సీటులో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కించి, మొదటి గేరులో క్లచ్ సగం వదలమన్నాను. నేను బానెట్ తెరిచి పక్కన నిలబడ్డాను. బండికి ఎదురుగా మాత్రం ఎప్పుడూ నిలబడకండి. ఇంజిను మొత్తం వెనక్కి ఒరిగింది, రివర్స్‌లో ముందుకు ఒరిగింది. కింద ఉండే టార్క్ మౌంటింగ్ మార్చగానే లివర్ కుదురుకుంది. ఆ రబ్బరు కోసం పుణె నుంచి కొరియర్ వచ్చే దాకా ఘాట్ వైపు వెళ్లలేదు.

ఇప్పుడు మన వైపు పల్లె రోడ్ల సంగతి. కోతలయ్యాక పల్లె రోడ్ల మీద ఉలవలు, చోళ్లు, మినుములు పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. రైతుకు కళ్లం ఖర్చు, మనుషుల ఖర్చు తప్పుతుంది, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ నా బండి నేలకు బాగా దగ్గర. గజపతినగరం దాటి లోపలి ఊరికి ఒక పెళ్లికి వెళ్లొస్తుంటే కింద నుంచి చరచరమని శబ్దం మొదలైంది. వేగం పెరిగితే శబ్దమూ పెరుగుతోంది, గేరు ఏదైనా తేడా లేదు, క్లచ్ తొక్కి బండిని దొర్లనిచ్చినా ఆగలేదు. అంటే ఇంజినుతో సంబంధం లేదు, చక్రాలతో పాటు తిరిగేదే. ఆ తర్వాత కాలిన గడ్డి వాసన.

వెంటనే పక్కకు ఆపాను. ఉలవ కాడలు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టుకు తాడులా చుట్టుకున్నాయి. అంతకంటే భయపెట్టింది, సైలెన్సర్ పైపుకూ, దాని వేడిని అడ్డుకునే రేకు హీట్ షీల్డుకూ మధ్య కుక్కుకుపోయిన ఎండుగడ్డి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. ఎండు కాడకు అంటుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఇంజిను ఆపి, కారును గడ్డి లేని చోటికి తోయించి, చల్లారాక పొడుగు కర్రతో లాగించాను. పొలంలో ఉన్న ముసలాయన బిందెతో నీళ్లు తెచ్చి పక్కనే నిలబడ్డారు, అక్కర పడకపోయినా నేను బయల్దేరే దాకా కదల్లేదు. ఆ కాలంలో పల్లె రోడ్లకు వెళ్తే ఇంటికొచ్చాక టార్చి వేసి కిందకి చూడడం అలవాటు చేసుకోండి. షాఫ్టు చివర రబ్బరు బూటు చిరిగిందేమో కూడా చూడాలి. అది చిరిగితే గ్రీజు బయటికి పోతుంది, కొన్నాళ్లకు స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తుంటే టకటకమంటుంది.

గడ్డి లాగేటప్పుడు వదులైన హీట్ షీల్డు వల్ల తర్వాత కొత్త శబ్దం వచ్చింది. సరిగ్గా 2500 ఆర్‌పీఎం దగ్గర జీరగా మోగుతుంది, కాస్త తగ్గినా పెరిగినా ఆగిపోతుంది. బండి నిలబెట్టి రేజ్ చేసినా అదే చోట వస్తోంది కాబట్టి చక్రాలది కాదు. ప్రతి రేకుకూ తనదైన కంపన వేగం ఉంటుంది, ఇంజిను అదరడం దానితో కలిసినప్పుడే మోగుతుంది. క్లాసులో అనునాదం చెప్పేటప్పుడు ఇప్పుడు ఇదే ఉదాహరణ ఇస్తున్నాను. పెద్ద స్టీలు హోస్ క్లిప్పు బిగించాం, శబ్దం పోయింది.

వాన రాత్రి తర్వాత పొద్దున్నే బ్రేకులు కీచుమంటే కంగారు వద్దు. డిస్కుల మీద పలచగా తుప్పు పట్టి ఉంటుంది, నాలుగైదు సార్లు తొక్కితే పోతుంది. స్టీరింగ్ 80-100 వేగంలో వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూపించండి. రివర్స్‌లో ఊళ వేసినట్టు వచ్చే శబ్దం చాలా బండ్లకు పుట్టుకతో వచ్చినదే, దాని గేరు పళ్లు నిటారుగా కోసి ఉంటాయి. దాన్ని ఎవరితోనూ బాగు చేయించకండి.

ప్రస్తుతం నోటుబుక్కులో ఉన్నది ఒకటే. న్యూట్రల్‌లో క్లచ్ మీద కాలు లేనప్పుడు నిశ్శబ్దం, పెడల్ తొక్కగానే సన్నగా గురగుర. ఇది తిరగబడి, కాలు తీసినప్పుడు శబ్దం వచ్చి తొక్కితే పోతుంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అనుకునేదాన్ని. తొక్కినప్పుడే వస్తోంది కాబట్టి, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్. నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చి చూశాను. బండి వేగంతో సంబంధం లేకుండా ఆర్‌పీఎం ఎగబాకలేదు, అంటే క్లచ్ ప్లేట్ జారడం లేదు.

అయినా బేరింగ్ కోసం గేర్‌బాక్స్ దింపక తప్పదు. దింపాక ప్లేట్, ప్రెషర్ ప్లేట్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా మార్చేయాలని బాబాయ్ మాట. ఒక్క బేరింగే మార్చి, ఏడాదికి ప్లేట్ కోసం మళ్లీ అదే కూలీ ఇవ్వడం ఆయనకూ నచ్చదు, నాకూ నచ్చదు. పార్టులు ఆర్డరు పెట్టాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యే దాకా ఆయన షెడ్డులో లిఫ్టు ఖాళీ లేదు, ఆ మరుసటి వారం బండి అక్కడ వదిలి కొన్నాళ్లు ఆర్టీసీ బస్సులో కాలేజీకి వెళ్తాను.