గ్రూపులో విజయనగరం, వీధిలో విజయనగరం

పొద్దున్న ఫోను తెరిస్తే గంటస్తంభం, సాయంత్రం తెరిస్తే కోట, మధ్యలో మూడు లాంతర్ల కూడలి పాత ఫొటో. మా ఊరి పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపులో ఉన్నది చాలావరకు ఊరు వదిలి వచ్చేసిన మేమే. దుబాయ్ నుంచి ఒకరు ఫొటో పెడతారు, డల్లాస్ నుంచి ఒకరు ‘ఆ రోజులే వేరు’ అంటారు, సిడ్నీ నుంచి నేను లైక్ కొడతాను. ఊళ్లో ఉన్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి కుళాయి నీళ్లు రావడం లేదనో, మురుగుకాలవ పొంగిందనో రాస్తే ఎవ్వరం పలకం.

సిడ్నీలో పుట్టిన మా అమ్మాయికి ఊరు ఇలాగే పరిచయం. పన్నెండేళ్ల పిల్ల, గ్రూపులో వచ్చినవి నేను చదివి వినిపిస్తే బాగానే గుర్తుపెట్టుకుంది. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి ప్రిన్సిపాల్ అనీ, కన్యాశుల్కం నాటకం మొదటిసారి 1892లో మన ఊళ్లోనే ఆడారనీ గడగడా చెబుతుంది. విన్న తెలుగువాళ్లు ముచ్చటపడతారు. నేనూ పడ్డాను, ఎందుకు దాచడం.

ఇక్కడ మా పేటకీ ఒక ఫేస్‌బుక్ గ్రూపు ఉంది. పిల్లి తప్పిపోతే ఊరంతా వెతుకుతారు, పాత బల్ల ఉచితంగా ఇచ్చేస్తామంటే అయిదు నిమిషాల్లో ఎవరో వచ్చి పట్టుకుపోతారు. పక్కింటావిడ పిల్లి పేరు నాకు అలాగే తెలిసింది. ఆవిడతో ఇంతవరకు గట్టిగా నాలుగు మాటలు మాట్లాడలేదు.

2025లో దసరా మాకు కలిసొచ్చింది. మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, అక్టోబరు 7, మంగళవారం. సిడ్నీ బడులకు అప్పటికి ఇంకా వసంతం సెలవులే. టికెట్లు దొరకగానే బయల్దేరాం.

సిరిమాను వీడియోలు మా అమ్మాయి ముందే చూసింది. డ్రోన్ కదా, కోట నుంచి గుడిదాకా దారంతా చక్కగా కనిపిస్తుంది. రోడ్డు మీద నిలబడితే కనిపించేవి ముందున్నవాళ్ల వీపులు. మధ్యాహ్నం నుంచీ నిలబడ్డాం. ఒక ముసలావిడ తన గొడుగు కిందికి మా పిల్లని లాక్కుని, కొంగుతో మొహం తుడిచి, చేతిలో అరటిపండు పెట్టింది. పిల్ల తొక్క తీయబోతే, ‘తినడానిక్కాదే గుంటా, సిరిమాను మీదకి ఇసరడానికి’ అని చెయ్యి పట్టుకుంది. అంతలో జనం ఒక్కసారి ఊగారు. పొడవాటి చింతమాను కొసన, గాల్లో, పీట మీద కూర్చున్న పూజారి తలల మీదుగా కదిలొచ్చారు. మా అమ్మాయి విసిరిన పండు ఎవరి వీపునో తగిలింది. ఆయన తిరిగి చూసి నవ్వేశాడు. మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మూడోసారి వచ్చేసరికి పిల్ల గురి కాస్త కుదిరింది.

అసలు ఇబ్బంది మర్నాడు మొదలైంది. వీధిలో అడుగుపెడితే చాలు ప్రశ్నలు. ‘ఏటమ్మా, ఎప్పుడొచ్చేరు?’, ‘ఇలా చిక్కిపోనావేటి?’, ‘అక్కడ అన్నం తింటారా?’ మూడు రోజులకి పిల్ల విసిగిపోయింది. ‘అమ్మా, వీళ్లందరికీ నా సంగతి ఎందుకు?’ అంది. న్యాయమే. గ్రూపులో అందరికీ ఊరి సంగతి కావాలి, వీధిలో అందరికీ దాని సంగతి కావాలి. మొదటిది సుఖం, ఫోను పక్కన పడేస్తే అయిపోతుంది. రెండోదానికి నిలబడి జవాబు చెప్పాలి.

వీధి అంతా మంచిదే అని చెప్పను. రంగు గురించి ఒకావిడ అన్న మాట నాకే కోపం తెప్పించింది. ఇంకొకాయన ‘మీరేటోళ్లు?’ అని నేరుగా పిల్లనే అడిగాడు. దానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు, ‘మేం సిడ్నీవాళ్లం’ అంది. ఇంటికొచ్చాక కులం సంగతి చెప్పాల్సి వచ్చింది. గ్రూపులో అయితే ఇంటిపేరు చూసి ఎవరికి వాళ్లు లెక్క వేసుకుంటారు, పైకి అనరు, అంతే తేడా.

అయినా నేను వీధి వైపే మొగ్గుతాను. కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుఫాను కొట్టినప్పుడు అమ్మావాళ్ల ఫోను కలవలేదు. కరెంటు లేదు, టవర్లు లేవు. అప్పట్లో ఉన్న గ్రూపులో ఒకటే హడావుడి, కానీ మాట్లాడేదంతా బయటి దేశాలవాళ్లమే. ఒకరినొకరం ‘ఏమైనా తెలిసిందా’ అని అడుక్కోవడం తప్ప ఊళ్లోంచి ఒక్క మాట లేదు. ఆఖరికి మా వీధి చివరింటి కుర్రాడు బండేసుకుని సిగ్నల్ దొరికే చోటికెళ్లి, ‘అక్కా, మీ అమ్మ బావున్నారు, కొబ్బరిచెట్టు ప్రహరీ మీద పడింది’ అని చెప్పాడు. నా నంబరు అతనికెలా తెలుసంటారా, ఊరెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ గేటు దగ్గర నన్ను నిలబెట్టి అన్నీ అడిగి రాసుకునేది. ఆ నిలబెట్టడం అప్పట్లో నాకూ విసుగే.

ఈ కథ చెప్పాక పిల్ల ఏమీ మారిపోలేదు. చివరింటావిడ కనిపిస్తే మాత్రం తానే ఆగి మాట్లాడేది.

మా తమ్ముడి కూతురిదీ దాదాపు ఇదే వయసు. సంగీత కళాశాల ముందు మా అమ్మాయి 1919 కథ ఎత్తుకుంటే, ‘అవునా? నాకు తెలీదే’ అని చుట్టూ పునుగుల బండి కోసం చూసింది. వానొస్తే ఏ సందులో నీళ్లు నిలుస్తాయో, ఏ ఆటో అంకుల్ చిల్లర తిరిగి ఇవ్వడో దానికి తెలుసు. ఊరి గ్రూపులో లేదు, ఉండాలనీ లేదు. ఇద్దరికీ దోస్తీ కుదిర్చింది ఊరు కాదు, కొరియా పాటలు. అమ్మ వాళ్లిద్దరి డ్యాన్సు చూసి, ‘దీనికోసమా ఇంత డబ్బు తగలేసి వచ్చేరు’ అంది.

ఇప్పుడు ఆదివారాలు వాళ్లిద్దరూ వీడియో కాల్‌లో ఉంటారు. ఈసారి జులైలో వెళ్దామంటున్నాను. పండగ ఉండదు, ఎవరూ ఫొటోలు పెట్టరు, ఊరు తన పనిలో తానుంటుంది. మా ఆయన టికెట్ల ధర చూపిస్తున్నారు. అమ్మేమో వానలూ దోమలూ, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పిల్ల ఏం పడుతుంది అంటోంది. పిల్ల మాత్రం చిల్లర ఇవ్వని ఆ ఆటో ఎక్కి తీరాలని ఇప్పటినుంచే రూపాయి నాణేలు పోగేస్తోంది.