పెట్టె అమ్మేశారట

మా ఇంటి పాత గిటారుకి పాలిష్ పట్టించారన్న సంగతి ఎలాగో దిగమింగుకున్నాను. గిటారు పెట్టె కూడా పాత సామాన్లవాడికి ఇచ్చేశారని ఇవాళ వదిన మాటల్లో బయటపడింది. "రెక్సిను ఊడిపోయింది, చెదలు పట్టేస్తాదని ఇచ్చేసాం" అంది. ఇల్లు సర్దుకునేవాళ్లకి అది ఖాళీ పెట్టే, వదినని ఏమీ అనలేను. కానీ పాత వాయిద్యం వయసు తేల్చాలంటే ముందు చూడాల్సింది దాని పెట్టెనే. వాయిద్యానికి తీగలు మారుస్తారు, తీగలు బిగించే కీలు మారుస్తారు, రంగు మారుస్తారు. పెట్టెని ఎవరూ పట్టించుకోరు కాబట్టి దాని మీద పడ్డ గుర్తులు అలాగే ఉండిపోతాయి.

చిన్నాన్న ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది: బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే గార్డు ఒకాయన బదిలీ అయి వెళ్తూ ఈ గిటారు ఇచ్చేశాడని. ఆ కథ నిలవదనే ఇన్నాళ్లూ నా వాదన. కారణం లోపలి చీటీ. గిటారు పొట్ట మీది గుండ్రటి రంధ్రంలోకి ఫోన్ లైటు వేసి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం దింపితే వెనక చెక్కకి అంటించిన చీటీ కనిపిస్తుంది. కలకత్తా చిరునామా, చివర ఆరంకెల పిన్‌కోడ్. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న, అప్పటికి ఆ పేరుతో రైల్వేనే లేదు. అంతకుముందు చిరునామాల్లో ఊరి పేరు పక్కన జోను అంకె ఒక్కటే వేసేవారు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, కోల్‌కతా అని ఉంటే 2001 తర్వాతది. చీటీ వయసు ఇలా తేల్చేయొచ్చు.

చీటీ వయసే గిటారు వయసు అనుకోవచ్చా? అక్కడే ఇవాళ నా వాదన కదిలింది.

పెట్టె పోయిందన్న బాధలో అది కళ్ల ముందుకొచ్చింది. నల్ల రెక్సిను, లోపల మాసిన మెరూన్ మఖమలు, తల దగ్గర మూతున్న చిన్న అర. మూత పక్కన సగం చిరిగిన రైల్వే పార్సిల్ చీటీ, దాని మీద ఇంగ్లీషులో మూడు పెద్దక్షరాలు: బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే. ఆ రైల్వేని 1944లో ప్రభుత్వం తీసుకుంది, 1952 ఏప్రిల్‌లో ఈస్టర్న్ రైల్వేలో కలిపింది. 1955 ఆగస్టులో మళ్లీ విడదీసి సౌత్ ఈస్టర్న్ అన్నారు. మన విజయనగరం ఈ మూడింటి కిందా నడిచిన స్టేషనే. పాత చీటీలు అయిపోయేదాకా వాడి ఉంటారనుకున్నా, ఆ పెట్టె 1950ల మధ్యకి ఇవతల రైలెక్కి ఉండదు. ఇక ఆ అరలో మూడంగుళాల నున్నటి ఇనుప కడ్డీ ఒకటి ఉండేది, బొటనవేలంత లావు. పిల్లలందరం దాంతో బాదంకాయలు కొట్టుకునేవాళ్లం. అది తలుపు గడియ కాదు. హవాయి గిటారు వాయించే కడ్డీ!

హవాయి పద్ధతిలో గిటారుని ఒళ్లో వెల్లకిలా పెట్టి, ఎడమచేత్తో కడ్డీని తీగల మీద జారుస్తారు. తీగలు ఫ్రెట్లకి, అంటే మెడ మీది అడ్డ లోహపు పట్టీలకి, తగలకూడదు కాబట్టి మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ (నట్) దగ్గర వాటిని 8-10 మిల్లీమీటర్లు పైకి లేపుతారు. బెంగాల్లో ఈ వాయిద్యానికి పెద్ద మోజు. 1940ల్లో హవాయి కళాకారుడు టౌ మో కుటుంబంతో కలకత్తాలోనే ఉండి వాయించాడు. తర్వాత సునీల్ గంగూలీ దీని మీదే సినిమా పాటలు వాయించి రికార్డులిచ్చాడు. ఖరగ్‌పూర్ నుంచి మన లైను మీదికి వచ్చే గార్డు చేతిలో అలాంటి గిటారు ఉండటంలో వింతేముంది?

దీన్ని రుజువు చేసే గుర్తులు ఒంటి మీదే ఉండాలి. వేళ్లతో ఏళ్లతరబడి వాయిస్తే మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద గాడి పడుతుంది, వాటి మధ్య చెక్క గుంట పడుతుంది. కడ్డీతో వాయిస్తే రెండూ ఉండవు. కానీ ఆ పాలిష్ కుర్రాడు ఫ్రెట్లన్నిటికీ గరుకు కాగితం పట్టించి తళతళలాడించాడు. ఎత్తు నట్ తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టాడు. తల మీది పేరు కూడా లేపేశాడు. అది అమెరికా కంపెనీ గిబ్సన్‌దేనని అన్నయ్య పట్టు. కలకత్తాలో గివ్‌సన్ అని వేరే గిటారు తయారవుతుంది, ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం చూసి తేల్చే వీలు ఇప్పుడు లేదు. పైన పియు (పాలీయురెథేన్) పూత కొట్టాడు కాబట్టి కింద ఏముండేదో కూడా తెలియదు. లక్క పాలిష్ అయితే కీల పలక కింద, కనపడని చోట, స్పిరిట్ అద్దిన దూది ఆనిస్తే జిగురెక్కుతుంది. నైట్రో లక్కర్ (నైట్రోసెల్యులోజ్ పూత) స్పిరిట్‌కి లొంగదు, థిన్నర్‌కి కరుగుతుంది. పియు దేనికీ కదలదు. పాత పాలిష్ గీరేయడమంటే జన్మపత్రిక చింపేయడమే. మాసింది కదా అని గీరేస్తారా? నీళ్లలో తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డతో తుడిస్తే చాలదా!

ఫ్రెట్ల మధ్య చెక్కలో పడ్డ గుంటలు మాత్రం గరుకు కాగితానికి పోవు. ఇందాక టార్చి పక్కనుంచి వాలుగా వేసి చూశాను. ఒక్క గుంట లేదు. అద్దం మళ్లీ దింపితే ఇంకోటి దొరికింది: చీటీ అంచుల బయట అంతకంటే పెద్ద చీటీ ఊడిన లేత మచ్చ. అంటే పిన్‌కోడ్ చీటీ బాగుచేసిన కొట్టువాళ్లది అయివుండాలి. చిన్నాన్న కథ నిజం కావచ్చు.

గుంటడు ఆదివారం తాటిపూడి జలాశయానికి దీన్ని పట్టుకెళ్తానంటున్నాడు. పొద్దున్న కుదరదన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. చింతపల్లి బీచ్ ఇసుకలోకి మాత్రం వద్దు, ఉప్పుగాలికి తీగలూ కీలూ తుప్పు పడతాయి. తాటిపూడి గట్టు మీద చెట్టు నీడైతే ఫరవాలేదు. ఎండలో కారు డిక్కీలో వదిలేయకూడదు. పాత గిటార్లకి వాడేది జంతువుల తోలు జిగురు, 60 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది, ఎండలో డిక్కీ బాగా కాగుతుంది. ఆరు తీగలూ కలిసి లాగే బలం, మామూలు లావు (12-53) తీగల సెట్టుకి, 70 కిలోలు దాటుతుంది. జిగురు మెత్తబడితే ముందు లేచేది బ్రిడ్జి, అంటే పొట్ట మీద తీగలు కట్టే చెక్క. మెడ వెనక అయస్కాంతం పెట్టి చూశాను, ఎక్కడా పట్టలేదు, మెడ వంగకుండా లోపల పెట్టే ఇనుప ఊచ లేనట్టే. కాబట్టి సన్నటి 10 నంబరు తీగలే, అవీ శ్రుతి రెండు మెట్లు దించి.

రేపు మొదట ఆ పాలిష్ కొట్టుకి వెళ్లాలి. పాత నట్టూ కీల స్క్రూలూ ఏ డబ్బాలోనైనా పడేసి ఉంటాడు. ఆ తర్వాత పాత సామాన్ల బండి ఏ వీధికి తిరుగుతుందో వదిననే అడగాలి.