పార తిప్పి కొట్టాడు

పొద్దున్నే ఐదున్నరకి మెలకువ వచ్చేసింది. రాత్రి ఒక్క మాట దగ్గర పని ఆగిపోయింది, నిద్రలోనూ అదే. 'పార తిప్పి కొట్టాడు.'

విజయవాడ గవర్నర్‌పేటలో లాయర్ సార్ ఆఫీసు నుంచి శుక్రవారం తెచ్చుకున్న కట్టలోది ఈ మాట. గట్టు తగాదా. నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకాయన చేతిలో ఉన్న పారతో కొట్టాడు, తలకి తగిలింది, మూడో రోజు మనిషి పోయాడు. సెషన్స్ కోర్టు హత్యేనని యావజ్జీవం వేసింది. కొట్టినాయన తరఫున మా సార్ అప్పీలు వేశారు. ఊరూ పేర్లూ ఇక్కడ రాయను.

హైకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లిషులోనే నడవాలని రాజ్యాంగం 348వ అధికరణంలో ఉంది. అందుకే తెలుగులో ఉన్న ఫిర్యాదు, పంచనామా, వాంగ్మూలాలు అన్నీ నా దగ్గరికి వస్తాయి. ఇంగ్లిషు చేసి టైపు కొట్టి ఇస్తాను. అప్పీలంటే సాక్షుల్ని మళ్ళీ బోనెక్కిస్తారని మా సత్యనారాయణపురంలో చాలామంది అనుకుంటారు. మామూలుగా అలా ఉండదు. హైకోర్టు ఉన్న నేలపాడులో ఇద్దరు జడ్జీలు కూర్చుని ఈ కాగితాలే మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. సాక్షి ఏడ్చిందో, తడబడిందో, తల వంచుకుందో కింది కోర్టు జడ్జి చూశారు. పైవాళ్ళకి కనపడేది మాట ఒక్కటే. ఆ మాటని వాళ్ళకి చేర్చే మనిషిని నేను కాబట్టే నాకింత టెన్షన్.

ఈ మాట అన్నది చనిపోయినాయన భార్య. మొదటి సాక్షి ఆవిడే. 'తిప్పి' అంటే పార గాల్లో గట్టిగా విసిరి కొట్టాడా? లేక తిరగేసి, మొద్దు వైపుతో కొట్టాడా? వీటి మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. జరిగింది 2024 జూలై 1కి ముందు కాబట్టి పాత చట్టం, ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. హత్య అని 302 అయితే యావజ్జీవం ఖాయం. చంపాలన్న ఉద్దేశం లేదు, ప్రాణం పోవచ్చని తెలిసి మాత్రం కొట్టాడు అని తేలితే 304 రెండో భాగం, గరిష్ఠం పదేళ్ళు. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు ఏమేం చూడాలో వరసగా చెప్పింది. ఆయుధం వెంట తెచ్చుకున్నాడా, అక్కడ దొరికింది తీసుకున్నాడా, దెబ్బ ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఒకటేనా పదేపదేనా, పాత పగ ఉందా, అప్పటికప్పుడు రేగిన గొడవా అని. ఇక్కడ పార ముందే చేతిలో ఉంది, దెబ్బ ఒక్కటే. పోస్ట్‌మార్టంలో కోసుకుపోయిన గాయం లేదు, పుర్రె చిట్లింది.

టిఫిన్ అయ్యాక తెనాలి బాబాయ్‌కి ఫోన్ చేశాను. జీవితమంతా పొలంలోనే ఉన్న మనిషి.

"తిప్పి అంటే తిరగేసేనే అమ్మాయ్. మట్టిగడ్డ పగలాలంటే పార తిప్పి కొడతాం కదా" అన్నాడు. మళ్ళీ తనే, "కోపంలో కర్ర తిప్పి కొట్టాడంటే మాత్రం విసిరి కొట్టాడనేగా" అన్నాడు. అక్కడే ఉన్న పిన్ని, "ఆ పిల్ల ఏం చూసిందో మీకేం తెలుసు, ఊరుకోండి" అంది. పిన్ని చెప్పిందే నిజం.

ఇంకోటి కూడా ఉంది. 'చంపేస్తా అంటూ వచ్చాడు' అని కోర్టులో చెప్పింది ఆవిడ. ఫిర్యాదులో ఆ మాట లేదు. ముందు చెప్పనిది తర్వాత చేరిస్తే సార్ లాంటివాళ్ళు గట్టిగా పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. కానీ భర్త తల చిట్లి పడి ఉంటే స్టేషన్లో ప్రతి మాటా గుర్తుపెట్టుకుని ఎవరు చెప్పగలరు? జడ్జీలు అదీ ఆలోచిస్తారు. పైగా మన తెలుగులో ఆ మాటకి ఉన్న బరువెంత? ఈ మధ్యాహ్నమే మావాడితో, మళ్ళీ ఫోన్ పట్టుకున్నావంటే చంపేస్తా అన్నాను. ఇంగ్లిషు కాగితం మీద అదే మాట బెదిరింపులా కనిపిస్తుంది.

కాగితం చదవడంలోనే జీవితాలు తారుమారవుతాయని మన ఊళ్ళోనే చూశాం. 2007లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని హత్య కేసులో 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసిన కుర్రాణ్ణి, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకేమో దోషి ఎవరన్నది మళ్ళీ మొదటికొచ్చింది. ఆ రోజు పేపరు చదివి ఏడ్చాను. ఇద్దరి కోసమూ.

మా కేసులో ఆయన లోపలికి వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. యావజ్జీవం పడి అప్పీలు తేలకుండా ఐదేళ్ళు జైల్లో గడిపినవాళ్ళకి, కొన్ని రకాల కేసులు మినహాయించి, బెయిల్ పరిశీలించవచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. అప్పుడైనా బయటికి వస్తాడేమోనని ఆయన తల్లి నెలకోసారి ఆఫీసుకి వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. నేను మంచినీళ్ళు ఇస్తాను. అవతలి ఇంటావిడ మా ఆఫీసుకి ఎందుకు వస్తుంది? ఆవిడ నాకు ఈ ఏడు పేజీల్లో మాత్రమే తెలుసు.

నాలుగింటికి సార్ ఫోన్ చేశారు.

"తిరగేసి అని రాసేయచ్చుగా అమ్మా? పోస్ట్‌మార్టం కూడా అదే చెబుతోంది."

"పోస్ట్‌మార్టం మీరు వాదించండి సార్. ఆవిడ మాట ఆవిడ అన్నట్టే ఉంచుతాను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఉంచు" అన్నారు.

'తిప్పి' అన్న మాటని అలాగే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, కింద రెండు అర్థాలూ రాశాను. ఏది ముందు రాయాలన్నదానికే అరగంట పట్టింది. చివరికి నిఘంటువులో ఉన్న వరసే ఉంచాను.

రేపు రెండో సాక్షి, చనిపోయినాయన తమ్ముడు. గట్టు అవతల నిలబడి చూశాడట. ఆయన ఏ మాట వాడాడో ఇంకా చదవలేదు.