గది చిన్నది, రంగు పెద్దది

సింగపూర్‌లో పాత షాప్‌హౌస్‌ను (కింద కొట్టు, పైన కాపురం ఉండేలా వరసగా కట్టిన ఇల్లు) హోటల్‌గా మార్చే పనిలో దిగితే మొదట ఎదురయ్యే ఇబ్బంది వెడల్పు. వీధిలోంచి చూస్తే పూల టైల్స్, రెక్కల కిటికీలతో ఇల్లు కళకళలాడుతుంది. టేపు పెట్టి కొలిస్తే అడ్డం ఐదారు మీటర్లు. పొడవు మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. రెండు పక్కలా పక్కవాళ్లతో ఉమ్మడి గోడలే కాబట్టి కిటికీ పెట్టాలంటే ముందు, లేదంటే వెనక. నడిమధ్య గాలికీ వెలుతురుకీ వదిలిన ఖాళీ ఒకటి ఉంటుంది, మన మండువా లోగిలిలో ఆకాశం కనిపించే చోటులాగా. అలాంటి ఇళ్లు కొన్ని కలిపి ఇరవై, ముప్పై గదులు తియ్యమంటారు. కొన్ని గదుల కిటికీలు ఆ నడిమి ఖాళీలోకే తెరుచుకుంటాయి. సముద్రం కనిపించదు, స్విమ్మింగ్ పూల్ ఉండదు, పెట్టె తెరిచి పెట్టుకోవడానికే చోటు వెతుక్కోవాలి. ఇక అతిథికి చూపించడానికి మిగిలేది రంగే.

డిజైనర్లు దాన్ని ధైర్యం అంటారు. నాకు మాత్రం అది ఎన్ని పూతలు, ఎంతమంది మనుషులు, గోడ ఎప్పటికి ఆరుతుంది అనే లెక్క.

తెనాలి దగ్గర పల్లె మాది. డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల ఫినిషింగ్ పనులు చూసి, ఇక్కడికి పెయింటింగ్ సూపర్‌వైజర్‌గా వచ్చాను. హైదరాబాద్‌లో మా బిల్డర్‌కి తెలిసిన రంగులు తెలుపు, తెలుపులాంటిది, బిస్కెట్ రంగు. అంతకు మించి ఎవరైనా అడిగితే 'మీ ఇల్లు, మీ ఇష్టం, మీ ఖర్చు' అనేవాడు. ఇక్కడ మొదటి హోటల్ సైట్‌లో నా చేతికిచ్చిన కలర్ షెడ్యూల్‌లో (ఏ గోడకు ఏ రంగో రాసిన పట్టిక) బిస్కెట్ రంగు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

నిజానికి బొటీక్ హోటళ్లు, అంటే డిజైన్‌తో పేరు తెచ్చుకునే ఇలాంటి చిన్న హోటళ్లు, పుట్టినప్పుడే ఇంత రంగు లేదు. వాటికి ఆద్యమని చెప్పుకునే న్యూయార్క్ మోర్గాన్స్ హోటల్‌ను 1984లో తెరిచారు. ఫ్రెంచ్ డిజైనర్ ఆంద్రే పుత్మాన్ దాని లోపలంతా బూడిద, నలుపు, తెలుపుల్లోనే తీర్చిదిద్దింది. సింగపూర్ కథ వేరు. 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్ లాంటి పాత పేటల్ని ప్రభుత్వం రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇప్పుడు అలా కాపాడుతున్న కట్టడాలు 7,000 పైనే. కూల్చి కట్టడానికి వీల్లేదు. ముఖభాగం, పెంకుల కప్పు, కిటికీలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. మరి డబ్బు పెట్టినవాడు తన ముద్ర ఎక్కడ వెయ్యాలి? లోపలే.

2003లో లోహ్ లిక్ పెంగ్ అనే లాయరు, ఒకప్పుడు రెడ్‌లైట్ వీధిగా పేరుపడిన కియాంగ్ సాయిక్ రోడ్డులో హోటల్ 1929 తెరిచాడు. 2006లో న్యూ మెజెస్టిక్ పెట్టాడు, అది 2017లో మూతపడింది. 2010లో లిటిల్ ఇండియాలో వాండర్‌లస్ట్ వచ్చింది. డిక్సన్ రోడ్డులో 1920ల నాటి బడి భవనం అది. నాలుగు అంతస్తుల్నీ నాలుగు వేర్వేరు డిజైన్ బృందాలకు ఇచ్చారు. ఒక అంతస్తులో గదికో రంగు, దాని పైన అంతస్తంతా తెలుపూ నలుపూ. తర్వాత దాని రూపు మారిపోయినా మా పనివాళ్లలో దాని మాట ఇంకా వస్తూనే ఉంటుంది. వీటిలో దేనిలోనూ నేను పని చెయ్యలేదు. నేను చేసినవి వీటిని చూసి ముచ్చటపడ్డ యజమానుల హోటళ్లు, పేర్లు అనవసరం.

సైట్‌లో నాతో ఉన్నవాళ్లు ఎక్కువగా తమిళులు, బంగ్లాదేశీలు. తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు సిక్కోలు కుర్రాడు, చేతిపని మంచి శుభ్రం. షెడ్యూల్‌లో రంగులకు నంబర్లుంటే మేమిద్దరం చీరల కొట్టు పేర్లు పెట్టుకున్నాం: రాణీ పింక్, రామా గ్రీన్, ఆనంద బ్లూ, మామిడిపండు. ఆ మామిడిపండు రంగే వాణ్ని మొదట విసిగించింది. "ఏటన్నా, గోడ తాగేస్తంది. ఎన్నేసినా కింద తెలుపు అగుపడతంది" అన్నాడు.

గోడ తాగడం కాదది. మామూలు తెల్ల పెయింట్ కిందున్నదాన్ని కప్పేస్తుందంటే అందులోని టైటానియం డయాక్సైడ్ వల్ల. ముదురు, నిఖార్సైన రంగు రావాలంటే ఆ తెలుపు దాదాపు లేని బేస్‌లో రంగు కలపాలి. పసుపు, ఎరుపు మరీ పలచగా కూర్చుంటాయి. అందుకే వాటి కింద తెల్ల ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కాకుండా బూడిద రంగుదో, అదే రంగు ఛాయ కలిపిందో వెయ్యాలి. రేటు మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. తెల్ల గోడకూ ఎర్ర గోడకూ చదరపు మీటరుకు ఒకే ధర రాసుకున్న ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేశాను. అతని నష్టం కూలీల ఓవర్‌టైమ్‌లోంచి వసూలైంది.

అన్నిటికంటే పెద్ద గొడవ రాణీ పింక్ దగ్గర వచ్చింది. డిజైనర్ ఇక్కడి చైనీస్ అమ్మాయి, పని తెలిసిన మనిషి. మంచం తలవైపు గోడ, అంటే పక్కింటితో ఉమ్మడి గోడ, నేల నుంచి కప్పు దాకా ఆ రంగే కావాలంది. అది పాత ఇటుక, పైన సున్నపు గచ్చు. నేలలోంచి తేమ లాక్కుంటుంది, మళ్లీ గాలిలోకి వదులుతుంది. ఆ గోడ అలాగే బతుకుతుంది. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే తేమకు దారి ఉండదు. ముందు ఉప్పు పూస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత పొరలు పొరలుగా ఊడటం. ఊపిరాడే పెయింట్లు ఉన్నాయి: సున్నం, సిలికేట్ అనే ఖనిజపు పెయింట్. కానీ వాటి క్షారానికి నిలిచేవి ఎక్కువగా మట్టి, లోహపు రంగులే. కావి, ఇటుక ఎరుపు, గోధుమ, కొన్ని ఆకుపచ్చలు, నీలాలు వస్తాయి. రాణీ పింక్ రాదు.

పాత గోడకు కాస్త ఎడంగా ఫ్రేమ్ కట్టి, బోర్డు కొట్టి, దాని మీద వేద్దామంది ఆమె. అలా చేస్తే గదిలో అరచెయ్యి వెడల్పు పోతుంది. అటు మంచానికీ బాత్‌రూమ్ తలుపుకీ మధ్య దారి అసలే అంతంతమాత్రం. బోర్డు వెనక తేమ పట్టినా ఎవరికీ కనపడదు, వాసన వచ్చేదాకా. మీటింగ్‌లో యజమాని ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసి గడియారం చూసుకున్నాడు. చివరికి ఉమ్మడి గోడకు సిలికేట్‌లో కావి ఎరుపు, కొత్తగా కట్టిన పార్టిషన్‌కు రాణీ పింక్ అని తేలింది. రెండూ ఒకే గదిలో ఎదురెదురుగా! రెండు రంగులూ ఒకదానికొకటి పొసగవేమో అని టెన్షన్ పడ్డాను. పొసిగాయి. ఆ హోటల్లో ఎక్కువగా ఫొటోలు తీసుకునేది ఆ గదినే అని విన్నాను. డిజైనర్ తన ఆలోచన అంటుంది, అనుకోనివ్వండి. నా లెక్కలో ఆ గది రంగు నిర్ణయించింది తేమ.

ఆ సున్నపు గచ్చు మీద నాకు మమకారం ఉంది. ఇక్కడి సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌ను 1850లలో మొదలుపెట్టి కట్టింది మన దేశం నుంచి తెచ్చిన ఖైదీలు. లోపలి గోడలకు వేసింది మద్రాస్ చునం: గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముడి చక్కెర, కొబ్బరి పీచు నానిన నీళ్లు. మా వైపు పాత మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారని పెద్దవాళ్లు చెప్తుంటే చిన్నప్పుడు నమ్మేవాణ్ని కాదు. సంక్రాంతికి ముందు సున్నంలో నీలిమందు కలిపి ఇంటికి కొట్టడం మాత్రం కళ్లారా చూశాను. ఇక్కడి షాప్‌హౌస్‌లకూ పూర్వం అలాంటి నీలం కలిపిన సున్నమే కొట్టేవారు. లిటిల్ ఇండియాలో టూరిస్టులు క్యూ కట్టే టాన్ టెంగ్ నియా ఇల్లు 1900లో కట్టిందే అయినా, ఇప్పుడు కనిపించే ఏడు రంగుల హంగు పునరుద్ధరణ తర్వాత వచ్చింది. అందరూ దాన్ని వందేళ్ల నాటి సరదా అనుకుంటారు.

బయటి రంగులకు ఇక్కడి ఎండ శత్రువు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు, ఏడాది పొడుగునా ఒకటే పగలు, ఒకటే కాక. కొన్ని మెరుపు ఎరుపులు చూస్తుండగానే వెలిసిపోతాయి. ఇనుప మట్టి రంగులు నిలుస్తాయి. బయటికి కావి, లోపలికి రాణీ పింక్ అని నేను వాదించేది అందుకే, సంప్రదాయం కోసం కాదు.

లోపలి శత్రువు సూట్‌కేసు. సన్నటి కారిడార్ మొత్తం ముదురు ఆనంద బ్లూ, అదీ పూర్తి మ్యాట్, అంటే మెరుపే లేని పెయింట్. ఫొటోలో అద్భుతం. అలాంటి గోడను వేలితో రాస్తే చాలు, అక్కడ మెరుపు గీత పడుతుంది. టచప్ చేస్తే ఆ మచ్చ ఇంకా బాగా కనబడుతుంది, కాబట్టి మూల నుంచి మూలకు మళ్లీ వెయ్యాల్సిందే. మెరుపు ఎక్కువున్న పెయింట్ వేద్దామంటే గోడ మీద లప్పం ఎగుడుదిగుళ్లన్నీ పక్క లైటులో బయటపడతాయి. చివరికి నడుము ఎత్తు వరకు టైల్ అంటించాం. షాప్‌హౌస్‌ల ముందు వసారా గోడలకు పాతవాళ్లు టైల్ వేసింది అక్కడి దాకానే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పని అప్పగించే ముందు రోజు మా సిక్కోలు కుర్రాడు రాణీ పింక్ గదిలో నిలబడి వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. ఆవిడ అంతా చూసి "ఇంత ఎరుపులో నిద్దరెలా పడతాదిరా?" అంది. అంత సూటి ప్రశ్న మీటింగుల్లో ఎవరూ అడగలేదు. అక్కడ పడుకునేవాడు రెండు రాత్రులుండి పోతాడు. ఆ గది ఏడాది పొడుగునా ఉండడానికి చేసింది కాదు, అందుకే అంత తెగింపు చెల్లుతుంది. నేను అద్దెకుండే ఫ్లాట్ గోడలు తెల్లవి, వాడుండే డార్మిటరీవీ తెల్లవే. ఒక రాత్రి ఆ గది అద్దె వాడి ఎన్ని రోజుల కూలీయో వాడు అప్పటికే లెక్కేసుకున్నాడు, నాకు చెప్పలేదు.

ఇప్పుడు గాలి మళ్లీ మారుతోంది. కొత్త సైట్ యజమాని మట్టి రంగులు, ఇసుక రంగులు, 'ప్రశాంతంగా' ఉండాలంటున్నాడు. షెడ్యూల్ చూడగానే మావాడి మొహం వెలిగిపోయింది. "రెండు పూతలతో అయిపోద్దన్నా" అన్నాడు. నేను కొటేషన్‌లో ఉమ్మడి గోడల తేమ పరీక్ష, ఉప్పు గీకడం, సిలికేట్ ప్రైమర్ వేరే లైనులుగా రాసి పంపాను. యజమాని దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు.