సంకెళ్లు పడని వాక్యం

"అయినను దేవుని వాక్యము బంధింపబడి యుండలేదు." తిమోతికి రాసిన రెండో పత్రిక, 2:9. సంకెళ్లతో ఉన్న అపొస్తలుడు పౌలు రాసిన మాట. ఇది చదివినప్పుడల్లా నాకు మడగాస్కర్ క్రైస్తవ సంఘమే గుర్తొస్తుంది.

ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న పెద్ద ద్వీపం అది. 1818లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా వేల్స్ నుంచి డేవిడ్ జోన్స్, థామస్ బెవాన్ అక్కడ దిగారు. కొన్ని నెలల్లోనే జ్వరాలకు బెవాన్ కుటుంబం మొత్తం పోయింది. జోన్స్ భార్యా బిడ్డా పోయారు. మిగిలిన ఒక్కడూ 1820లో రాజధాని అంటనానరివోకు వెళ్లి బడి పెట్టాడు. (మన విశాఖపట్నానికి 1805లో వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ కూడా ఈ సొసైటీ వాళ్లే. ఇద్దరూ ఐదేళ్లకు మించి బతకలేదు. వాళ్లు ఆనందరాయరు అనే స్థానిక క్రైస్తవుడి సాయంతో మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో అచ్చయ్యాయి.)

అక్కడి రాజు మొదటి రడామాకు మతం మీద పెద్ద ఆసక్తి లేదు. చదువు కావాలి, చేతిపనులు నేర్పేవాళ్లు కావాలి. ఆ ద్వీపవాసులైన మలగాసీల భాషకు లాటిన్ లిపి ఖాయం చేసింది ఆయనే. ఆ అక్షరాలే తర్వాత సంఘాన్ని నిలబెడతాయని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

1828లో రడామా చనిపోయాడు. రాణి మొదటి రణవలోన వచ్చింది. 1835 మార్చి 1న మలగాసీలెవరూ క్రైస్తవ్యం పాటించకూడదని శాసనం చేసింది. మన ప్రసంగాల్లో ఈమెను బైబిల్లో ప్రవక్తలను చంపించిన రాణి యెజెబెలుతో పోల్చేసి ఊరుకుంటారు. నాకది సరిపోదు. పరాయి మతం వెనకే పరాయి సైన్యం వస్తుందని ఆమె భయం. 1896లో ఫ్రాన్స్ ఆ దేశాన్ని వలసగా చేసుకుంది. ఆమె భయం ఉత్తిది కాదు. కానీ ఆ భయానికి ఆమె ప్రజలు చెల్లించిన వెల మాత్రం ఘోరం.

శాసనం వచ్చేనాటికి మలగాసీ బైబిలు అచ్చు ఇంకా పూర్తి కాలేదు. ప్రెస్సులో పనిచేసే స్థానికులు ఇక రాకూడదు. దాంతో మిషనరీలే అక్షరాలు కూర్చుకున్నారు, వాళ్లే ప్రెస్సు తిప్పారు. ఆ ఏడాది జూన్‌కల్లా ముగించారు. మరుసటి సంవత్సరం చివరి మిషనరీలు కూడా దేశం విడిచారు. వెనక వదిలి వెళ్లింది కొన్ని పుస్తకాలు, వాటిని చదవగలిగిన కొందరు మనుషులు. అంతే.

1837 ఆగస్టు 14న రసలామా అనే స్త్రీని రాజధానిలోని అంబోహిపోట్సీ కొండ అంచుకు తీసుకెళ్లారు. దారంతా కీర్తనలు పాడుతూ నడిచింది. అక్కడ ప్రార్థన చేసుకోనిమ్మని అడిగి మోకరించింది. ఆ మోకాళ్ల మీద ఉండగానే బల్లెంతో పొడిచారు. ఆ ద్వీపంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటి హతసాక్షి ఆమె. 1849లో పద్నాలుగు మందిని కొండ మీద నుంచి పడదోశారు, నలుగురిని రాజధానిలోనే ఫరవోహిత్ర అనే చోట సజీవంగా కాల్చారు.

పాస్టరు లేడు, గుడి లేదు, గంట లేదు. బైబిళ్లను గుంటల్లో, గుహల్లో దాచేవారు. రాత్రిళ్లు కూడుకుని, పక్కింటికి వినపడనంత మెల్లగా పాడుకునేవారు. పుస్తకం చిరిగితే కుట్టుకున్నారు, పుటలు విడిపోతే పంచుకున్నారు, చాలనప్పుడు చేత్తో రాసుకున్నారు. మా నాయనమ్మ బైబిలుకు కూడా తెల్లదారంతో వేసిన అడ్డకుట్లు ఉండేవి. ఆమె కుట్టింది వాడివాడి అరిగిపోయినందుకు. వాళ్లు కుట్టింది మరొకటి దొరకదు కనుక, పట్టుబడితే ప్రాణం పోతుంది కనుక. నా ఫోన్‌లో ఐదు తర్జుమాలున్నాయి. ఛార్జింగ్ అయిపోతుందనే టెన్షన్ తప్ప నాకు వేరే భయం లేదు.

1861లో రాణి చనిపోయింది, నిషేధం తొలగింది. మిషనరీలు తిరిగి వచ్చి చూస్తే, తాము వదిలి వెళ్లినప్పటికంటే విశ్వాసులు కొన్ని రెట్లు ఎక్కువున్నారు. సంఖ్య గురించి తలా ఒక లెక్క చెబుతారు కానీ, పెరిగారన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

1869లో అప్పటి రాణి రెండో రణవలోన, ఆమె ప్రధానమంత్రి రైనిలయారివోని బాప్తిస్మం తీసుకున్నారు. రాజవంశం కొలిచే తాయెత్తులను తగలబెట్టించారు. ఒక్కసారిగా జనం గుడులకు పోటెత్తారు. రాణిగారు వెళ్తున్నారు కనుక మనమూ వెళ్దాం అన్నవాళ్లు ఎంతమందో! చరిత్ర పుస్తకాలు సంఘాభివృద్ధి అని పెద్దక్షరాలతో రాసేది ఈ ఘట్టాన్నే. నన్నడిగితే సంఘం పెరిగింది అంతకుముందు నిషేధం ఉన్న పాతికేళ్లలోనే, లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేనప్పుడు. వాక్యం బంధింపబడలేదన్న మాటను పౌలు రాజు కొలువులో కూర్చుని రాయలేదు కదా.

అంటనానరివోలో అంబటోనకంగ అనే చోటుంది. మొదట అక్కడ ప్రార్థనా మందిరం ఉండేది. హింసల కాలంలో దాన్ని విశ్వాసులను బంధించే చెరసాలగా మార్చారు. 1867లో అదే స్థలంలో రాతి గుడి కట్టి తెరిచారు. ఇప్పటికీ అక్కడ ఆదివారం ఆరాధన జరుగుతుంది, మలగాసీలోనే, గొంతెత్తి.