గోల్ పడ్డప్పుడు అమ్మ ఫోన్‌లో ఉంది

17 మే 2025, శనివారం. సౌత్ నార్వుడ్, లండన్.

పొద్దున కిటికీ కర్టెన్ తీస్తే వీధి వీధంతా ఎరుపూ నీలమూ. పక్కింటి పెద్దాయన మోచేతుల దగ్గర దారాలు లేచిన పాత క్రిస్టల్ ప్యాలెస్ స్వెటర్ వేసుకుని, మనవణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్ వైపు నడుస్తున్నారు. ఇవాళ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్, మా ప్యాలెస్‌కి మాంచెస్టర్ సిటీతో. మ్యాచ్ సాయంత్రం నాలుగున్నరకి. పది కూడా కాకుండానే బయల్దేరారు.

ఆయన్ని ఏమీ అనలేం. 1990లో ఫైనల్‌కి వెళ్లారు. మాంచెస్టర్ యునైటెడ్‌తో 3-3 అయింది. ఐదు రోజుల తర్వాత రీప్లే, అంటే మ్యాచ్ మళ్లీ మొదట్నుంచి, పెడితే 0-1తో పోయింది. అది సరిగ్గా ఇదే తేదీ, మే 17. మళ్లీ 2016లో వెళ్లారు. 78వ నిమిషంలో పంచన్ గోల్ కొట్టగానే మేనేజర్ పార్డ్యూ గీత పక్కన నిలబడి డాన్స్ చేశాడు. మూడు నిమిషాలకే యునైటెడ్ సమం చేసింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో కప్పు పట్టుకుపోయింది. నన్నడిగితే అది దిష్టి. పెద్దాయన మాత్రం డిఫెన్స్ అంటారు.

ఇల్లు తుడిచి, బట్టలు ఆరేసి, మధ్యాహ్నం పెరుగు కోసం సెయిన్స్‌బరీస్‌కి వెళ్లాను. అది ప్యాలెస్ వాళ్ల సెల్‌హర్స్ట్ పార్క్ స్టేడియంకి ఆనుకునే ఉంటుంది. మ్యాచ్ రోజుల్లో అటు కాలు పెట్టలేం, కారు తీస్తే మళ్లీ పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఇవాళ ఖాళీ. ఊరంతా జాతరకెళ్లినట్టుంది.

ఈ సీజన్ కప్పులో నేను స్టేడియంలోకి వెళ్లింది ఒక్కసారే. జనవరి 12న స్టాక్‌పోర్ట్‌తో మ్యాచ్. పెద్దాయన కొడుకు రాలేకపోతే ఆ టికెట్ నాకిచ్చారు. నాలుగో నిమిషంలో మా ఎజే గోల్ కొట్టాడు. నేను మెట్ల మీద సీటు నంబరు వెతుక్కుంటున్నాను. అందరూ లేచి నిలబడ్డారు, నాకు కోట్లేసుకున్న వీపులు తప్ప ఏమీ కనబడలేదు. మిగతా ఎనభై ఆరు నిమిషాల్లో ఇంకో గోల్ లేదు. 1-0.

అదే రోజు టామ్‌వర్త్ అనే ఐదో అంచె జట్టు టోటెన్‌హామ్‌ని 90 నిమిషాలు 0-0తో ఆపింది. గోల్‌కీపర్ జస్ సింగ్‌కి అసలు ఉద్యోగం బిల్డింగ్ సర్వేయర్. ఎక్స్‌ట్రా టైమ్‌లో మూడు గోల్స్ పడి ఓడిపోయారు. కిందటేడాది వరకూ అయితే రీప్లే ఉండేది, వాళ్లు టోటెన్‌హామ్ పెద్ద స్టేడియంలో ఆడేవాళ్లు, టికెట్ల డబ్బులో వాటా వచ్చేది. ఈ సీజన్ నుంచి రీప్లేలు తీసేశారు. చిన్నోళ్ల నోటి దగ్గర ముద్ద లాగేసినట్టే అని నేనంటే, రీప్లేలకో దండం అన్నట్టు చెయ్యి ఊపారు పెద్దాయన. 1990 ఇంకా పోలేదు ఆయనలోంచి.

మార్చి 1న మిల్‌వాల్‌తో మ్యాచ్ మాత్రం ఇంట్లోంచే విన్నాను. మొదలైన కాసేపటికే స్టేడియం హోరు టక్కున ఆగిపోయింది. వాళ్ల గోల్‌కీపర్ కాలు మా ఫార్వర్డ్ మటేటా తలకి తగిలిందని, చెవికి 25 కుట్లు పడ్డాయని తర్వాత తెలిసింది. ఆ నిశ్శబ్దం మాత్రం నా వంటింట్లోకి కూడా వచ్చింది.

సరే, ఇవాళ్టి సంగతి. నాకు యాంటెన్నా లేదు, ల్యాప్‌టాప్‌లో ఐప్లేయర్, అంటే నెట్‌లో వచ్చే బీబీసీ. పక్కింట్లో పెద్దాయన భార్య, వాళ్ల చెల్లెలు మామూలు టీవీలో చూస్తున్నారు. వాళ్లు నాకంటే అర నిమిషం ముందుంటారు. మ్యాచ్ మొదలైన పావుగంటకి అమ్మ వీడియో కాల్. తెనాలిలో తొమ్మిదింబావు అయింది, భోజనాలైపోయాయి. ఆవకాయ పెట్టిందట, ఈసారి కాయకి పులుపు లేదట, ఎన్ని కిలోలు పంపాలో తేల్చుకోవడానికి నా దగ్గరున్న జాడీ చూపించమంది. సింకు కింద తల దూర్చి జాడీ తీస్తుంటే గోడ అవతల ఒక్క కేక.

"ఏంట్రా, పక్కింట్లో గొడవా?"

"గోల్ పడిందమ్మా."

"ఎవరికి?"

"మావాళ్లకే."

"మీవాళ్లంటే?"

అర నిమిషం అందులోనే అయిపోయింది. జాడీ పట్టుకుని వచ్చేసరికి ఎజే మీద జట్టంతా గుట్టగా పడి ఉంది. 16వ నిమిషం.

తర్వాత సిటీకి పెనాల్టీ. హాలండ్ కొడతాడనుకుంటే బంతి మర్మూష్‌కి ఇచ్చాడు. అతను ఇంకా బంతిని చుక్క మీద సర్దుతున్నాడు, గోడ అవతల ఏదో కుర్చీ పడింది, అరుపు. ఏడుపో సంతోషమో తెలియలేదు. తర్వాత ఇద్దరూ నవ్వడం వినిపించింది. మా గోల్‌కీపర్ హెండర్సన్ ఆపేశాడన్నమాట. తెలిసిపోయాక కూడా నా అరచేతులు చెమట పట్టాయి. అతను కుడివైపు దూకి బంతిని తోసేసేదాకా ఊపిరి బిగబట్టుకునే చూశాను. నిజానికి హెండర్సన్ అప్పటికి మైదానంలో ఉండకూడదేమో. అంతకుముందు బాక్స్ బయట, గోల్‌కీపరైనా చెయ్యి వాడకూడని చోట, బంతిని చేత్తో తోశాడు, వీడియో చూసే రిఫరీ వీఏఆర్ చూసి వదిలేసింది. ఈ మాట పెద్దాయన దగ్గర అనను.

సెకండాఫ్ అంతా సిటీ దాడే. అదనంగా పది నిమిషాలు ఇచ్చారు. గోడ అవతల ఒక్క మాట లేదు. తర్వాత తలుపు తెరిచిన చప్పుడు, వీధిలో గిన్నెలు వాయించడం. నాకింకా అర నిమిషం ఆట మిగిలే ఉంది. అయినా నేనూ గరిటె పట్టుకుని బయటికెళ్లాను. జనవరిలో లాగే 1-0, అదీ ఎజే గోలే. ఈ క్లబ్‌కి ఇదే మొదటి పెద్ద కప్పు.

పదకొండింటికి పెద్దాయన వచ్చారు. గొంతు పూర్తిగా పోయింది. గోల్ చూశావా అని సైగ చేశారు. జాడీ సంగతి చెప్పాను. నమ్మలేనట్టు చూసి, మనవణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టి, మా రెండు ఇళ్ల చెత్తడబ్బాలూ పేవ్‌మెంట్ మీదకి లాగారు. నీలం మూత మటేటా. ఆకుపచ్చ మూత కుడివైపు పరుగెత్తిన మున్యోజ్. నన్ను గేటు దగ్గర నిలబెట్టి సిటీ డిఫెండర్‌ని చేశారు. క్రాస్ వచ్చింది, ఆయన రెండడుగులు వేసి లేని బంతిని కుడికాలితో తన్నారు. కాలు మున్యోజ్‌కి తగిలి డబ్బా బోర్లా పడింది, వీధిలోకి పెరుగు డబ్బాలు, ఉల్లితొక్కలు.

మనవడు ఫోన్ లైటు పట్టుకున్నాడు, ముగ్గురం ఏరుకున్నాం.