చదివించేవాళ్ల పెత్తనం

"అమ్మా, నువ్వు నెలనెలా పంపే డబ్బు చట్టప్రకారం నాకు రావలసినదే, దానికి లెక్క అడగవద్దు" అని మా అబ్బాయి విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీలోని మా నాన్నగారింట్లో, అందరి ఎదుటా అన్నాడు. వాడికి పంతొమ్మిదేళ్లు, జర్మనీలో మేముండే ఊరికి దూరంగా వేరే నగరంలో చదువుకుంటూ, సెలవులకు మాతోపాటు వచ్చాడు. నేను అడిగినది పెద్ద విషయమేమీ కాదు, క్రితం నెల పంపినది అంత త్వరగా ఎలా అయిపోయిందని మాత్రమే. ఆ మాట జర్మన్‌లో అని ఉంటే మా నాన్నగారికి అర్థమయ్యేది కాదు గాని, వాడికి శుభ్రమైన తెలుగు రావాలని పట్టుబట్టి నేర్పించినది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. జర్మనీ పౌరస్మృతి ప్రకారం పిల్లలు తొలి వృత్తికి తగిన అర్హత సంపాదించేదాకా తల్లిదండ్రులు వారిని పోషించి తీరాలి. పద్దెనిమిదేళ్లు నిండినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. ఇంటికి దూరంగా ఉండి చదివే విద్యార్థికి నెలకు ఎంత కావాలో తేల్చడానికి న్యాయస్థానాలు డ్యూసెల్‌డోర్ఫ్ పట్టికను ఆధారం చేసుకుంటాయి. 2025 పట్టికలో ఆ మొత్తం 990 యూరోలు, అందులో 440 గది అద్దెకు. విద్యార్థులకు ప్రభుత్వం నేరుగా చేసే సాయం కూడా 1971 నుంచి ఉంది. బాఫోగ్ అనే ఆ సాయంలో సగం ఉచితం, సగం వడ్డీలేని అప్పు, తిరిగి కట్టవలసినది 10,010 యూరోలకు మించదు. అయితే తల్లిదండ్రుల సంపాదన చూసి గాని అది ఇవ్వరు, మా ఇద్దరి జీతాలు చూశాక మా వాడికి ఇవ్వరు. వాడి అసలు కడుపుమంట అక్కడే ఉంది. డెన్మార్క్‌లో ఉన్నత విద్య చదివేవారికి తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే నెలనెలా భత్యం ఇస్తుందనీ, ఓటు వేసే వయసు వచ్చిన మనిషి అమ్మానాన్నల జీతం కాగితాలు పట్టుకుని దరఖాస్తు చేయవలసి రావడం అవమానమనీ వాడి వాదన.

షిప్‌యార్డులో పనిచేసి విరమించిన మా నాన్నగారు ఇదంతా విని, కోపగించుకోకుండా, "మరి మీ అమ్మానాన్నలు ముసలివాళ్లయితే నువ్వు చూడాలని అక్కడ చట్టం లేదా నాన్నా?" అని అడిగారు. ఉందిగాని, 2020 నుంచి ఏడాదికి లక్ష యూరోలకు పైగా సంపాదించే పిల్లల దగ్గరే ప్రభుత్వం వాళ్ల సంరక్షణకు తాను పెట్టిన ఖర్చు రాబడుతుందని మా వాడు వివరించాడు. మన దేశంలో చట్టం బరువంతా రెండో వైపు మోపింది. వృద్ధులైన తల్లిదండ్రులను పిల్లలు పోషించాలని 2007లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోనైతే తల్లిదండ్రులు పోషించవలసినవారిలో మైనరు పిల్లలూ, తమను తాము పోషించుకోలేని అవివాహిత కుమార్తెలూ ఉన్నారు గాని, మేజరైన కొడుకు ఊసు లేదు. ఇది చెబితే నాన్నగారు నవ్వి, "కొడుకును చదివించమని కూడా చట్టం చెయ్యాలా?" అన్నారు.

నన్ను నాన్నగారే చదివించారని నేను ఇన్నాళ్లుగా చెప్పుకుంటున్నాను, మా అబ్బాయికైతే వాడు విసుక్కునేంతగా చెప్పాను. కాని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలో నేను చదివినప్పుడు ఏడాది బోధన రుసుము మా ఇంటి నెల కిరాణా ఖర్చుకు మించేది కాదు; సింధియా నుంచి మద్దిలపాలెం దాకా రాయితీ బస్సు పాసు మీదే వెళ్లేదాన్ని. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, తిండి, బట్టలు నాన్నగారివి, మిగిలినదంతా ప్రభుత్వానిది. పెద్ద వాటా పెట్టిన ప్రభుత్వం ఏ కోర్సు తీసుకున్నావని గాని, ఎన్నింటికి ఇల్లు చేరావని గాని నన్ను ఎన్నడూ అడగలేదు. చిన్న వాటా పెట్టిన నాన్నగారు రెండూ అడిగారు, పైచదువుకు ఢిల్లీ వెళ్తానంటే వద్దన్నారు, నేను మానుకున్నాను. కృతజ్ఞత మాత్రం మొత్తం ఆయన ఖాతాలోనే పడింది. ఇప్పుడు నేను మా అబ్బాయి దగ్గర వసూలు చేయాలనుకుంటున్నది అదే కాబోలు, లేకపోతే లెక్కలు అడగడానికి నాకంత తొందరెందుకు?

మేము విశాఖలో ఉన్న ఈ సెలవుల్లోనే మా చిన్నాన్నగారి మనుమరాలు, నాకు మేనకోడలు వరస, ఇంటికి వచ్చింది. ప్రైవేటు కళాశాలలో, ప్రభుత్వం ఫీజు భరించే ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. విద్యాదీవెన పేరుతో 2021లో ఆ సొమ్మును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలైనప్పుడు, కుటుంబం ఏడాది ఆదాయం రెండున్నర లక్షల రూపాయలు దాటరాదన్నది నియమం. అంటే మన దగ్గర కూడా చదివే పిల్లను ఒక మనిషిగా కాక ఒక ఇంటి బిడ్డగానే లెక్కగట్టారు. మేనకోడలికి రావలసిన వాయిదా ఒకటి ఆలస్యమైతే, ఫీజు కడితే గాని హాల్‌టికెట్ ఇవ్వమని కళాశాలవారు చెప్పడంతో, వాళ్ల నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. చదువు ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకోవాలని మా వాడు ఉత్సాహంగా ఉపన్యసిస్తుంటే ఆ పిల్ల, "బావా, ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు కోసమే మా నాన్న అప్పు చేశాడు" అంది.

వాడికి వెంటనే మాట దొరకలేదు, నాకు దొరికింది. ఆ డబ్బు గడువు తప్పకుండా రావాలని, నేరుగా పిల్ల ఖాతాలోనే పడాలని, తండ్రి ఆదాయంతో దానికి ముడి ఉండకూడదని నేను గట్టిగానే వాదించాను. "మరి నాకు?" అన్నాడు మా వాడు. "నీకు మేమున్నాం కదా" అన్నాను. ఒకే పూట ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇచ్చానని నాకూ తెలుసు. మా దగ్గర డబ్బు ఉన్నప్పుడు పన్ను కట్టేవారి సొమ్ము మా వాడికెందుకన్నది పైకి చెప్పుకోదగిన కారణమే. కాని ప్రభుత్వం ఇవ్వడానికి సిద్ధపడినా నేను వద్దంటానేమోనని అనుమానం. పెళ్లికాని పిల్లల పోషణ ఏ రూపంలో జరగాలో తల్లిదండ్రులే నిర్ణయించవచ్చని, అంటే ఇంట్లోనే ఉండి చదువుకోమనవచ్చని ఆ జర్మన్ చట్టంలోనే ఉన్న మాటను నేను ముందే వెతికి పెట్టుకున్నదాన్ని. తల్లిదండ్రులు ఇవ్వకపోతే బాఫోగ్ కార్యాలయం ముందుగా ఇచ్చి, తరువాత వారి దగ్గర రాబట్టే పద్ధతి ఉందని వాడూ వెతికి పెట్టుకున్నాడు. తల్లీకొడుకులు టిఫిన్ దగ్గర సెక్షన్లు చెప్పుకోవడం మా అమ్మకు నచ్చలేదు.

విచిత్రమేమంటే ఈ విషయంలో నేను నలుగురికీ సలహాలిస్తూ ఉంటాను. పిల్లలను జర్మనీ పంపదలచిన విశాఖ స్నేహితులు ఫోన్ చేస్తారు. వీసా కోసం ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయలకు పైగా, ముందుగానే బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, చూపించాలి. అప్పు పిల్లల పేరునే తీసుకోండి, బాధ్యత తెలుస్తుంది, నెలకింత అని తేల్చి ఆ తరువాత మాట్లాడకండి అంటాను. అప్పు పిల్లల పేరునే ఉన్నా బ్యాంకువాళ్లు పక్కన తండ్రి సంతకం అడుగుతారు కదమ్మా అని ఒకాయన అన్నాడు. నిజమే. తీరుస్తున్నదీ చాలాచోట్ల ఆ సంతకం పెట్టినవారే, కాబట్టి బాధ్యత ఎవరికి తెలుస్తుందో నాకు ఇప్పుడు స్పష్టంగా లేదు. రెండో సలహా నేనే పాటించలేదు.

మేము తిరుగు ప్రయాణం కాకముందే మా నాన్నగారు మేనకోడలి అప్పు తీర్చేశారు. ఎవరికీ చెప్పవద్దన్నారు, చాలా పెద్దమనసు. ఆ సాయంత్రమే పిల్లను కూర్చోబెట్టి, ఎంటెక్ ఆలోచన మానేసి బ్యాంకు పరీక్షలకు తయారవమని చెప్పారు. ఆ పిల్ల "అలాగే తాతయ్యా" అంది. వాయిదా గడువులోగా వచ్చి ఉంటే తాతయ్య ఆ మాట అనగలిగేవారా అని మా వాడు నన్ను అడిగాడు. ఆయన ఆమె మేలు కోరే చెప్పారన్నాను. వాడు అడిగినదానికి అది జవాబు కాదు. ఈ నెల డబ్బు మాత్రం లెక్క అడగకుండానే పంపాను. పుస్తకాలకు విడిగా కావాలన్నప్పుడు రసీదు పంపమన్నాను.